హోమర్ ఎరుగని మాటలు – గ్రీకు వీరకావ్య పరిభాష పుట్టుపూర్వోత్తరాలు

గ్రీకు వీరకావ్యాలను విద్యార్థులకు పరిచయం చేసే పుస్తకాల చివర సాధారణంగా ఒక పారిభాషిక పదాల పట్టిక కనబడుతుంది. అరిస్తేయా, అనగ్నోరిసిస్, హమార్తియా, క్లెయోస్, నోస్తోస్, క్సేనియా, ఇన్ మీడియాస్ రేస్, ఎపిథెట్, ఫార్ములా, వీరుని యాత్ర – ఇలా ఓ ఇరవై ముప్ఫై మాటలు అక్షరక్రమంలో బుద్ధిగా నిలబడి ఉంటాయి. చదివేవారికి ఇవన్నీ ఒకే శాస్త్రానికి చెందిన మాటలనీ, ఒకే కాలంలో ఒకే చోట పుట్టినవనీ అనిపించడం సహజం. నిజానికి ఆ పట్టికలో పక్కపక్కన నిలిచిన రెండు మాటల మధ్య రెండువేల ఏళ్ళ ఎడం ఉండవచ్చు. ఒకటి హోమర్ నోట వచ్చినది, మరొకటి ఏథెన్స్ తత్త్వవేత్తది, ఇంకొకటి రోమన్ కవిది, వేరొకటి 20వ శతాబ్దపు అమెరికన్ పండితునిది. అక్షరక్రమం వీటి వయసులను మరుగుపరుస్తుంది.

ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్నది ఆ పట్టికను అక్షరక్రమం నుంచి తప్పించి కాలక్రమంలో పేర్చి చూడటం. అలా పేర్చినప్పుడు అది హోమర్‌ను గురించి ఎంత చెబుతుందో, హోమర్‌ను విన్నవారిని గురించీ, చదివినవారిని గురించీ అంతకంటె ఎక్కువ చెబుతుంది. తెలుగులో ఈ విషయాలు రాయబూనేవారికి, ఏ మాటను ఏ మాటతో అనువదించాలన్న చిక్కు ఉన్నవారికి, ఇది కొంత ఉపయోగపడుతుందని నా ఆశ.

ముందుగా కావ్యాల సంగతి రెండు మాటల్లో. ఇలియడ్ సుమారు 15,700 పాదాలు, ఒడిస్సీ సుమారు 12,100 పాదాలు. ఇప్పుడు మనకు దొరుకుతున్న రూపంలో ఒక్కొక్కటి 24 భాగాలు. గ్రీకు వర్ణమాలలో అక్షరాలు కూడా 24 కావడం కాకతాళీయం కాదు. ఈ విభజన తరువాతి కాలపు సంపాదకుల పని అని చాలామంది పండితుల అభిప్రాయం. హోమర్ తనకంటె 400 ఏళ్ళకు మించి ముందువాడు కాడని క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు హెరొడోటస్ అన్నాడు. నేటి పండితులలో ఎక్కువమంది ఈ కావ్యాలను క్రీ.పూ. 8, 7 శతాబ్దాల ప్రాంతానికి చెందినవిగా భావిస్తారు. ఒక్కడే కవి ఉన్నాడా, ఇద్దరా, ఒక పరంపరా అన్నది వేరే వివాదం. సౌలభ్యం కోసం నేను హోమర్ అనే అంటాను.

ఇక పట్టికలో అందరికంటె పెద్దలు హోమర్ సొంత మాటలు. మనం 'ఎపిక్' అని పిలుచుకునే మాటకు మూలం 'ఎపోస్'. హోమర్ భాషలో దానికి వీరకావ్యమన్న అర్థం లేదు. మాట, పలుకు అని మాత్రమే అర్థం. సంస్కృతంలోని 'వచస్సు' దీనికి తోబుట్టువు. రెండూ ఒకే ప్రాచీన ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చినవి. తాను చేసే పనిని హోమర్ 'పాట' అన్నాడు, చేసేవాడిని 'పాడేవాడు' అన్నాడు. ఒడిస్సీలో డెమొడొకస్, ఫీమియస్ అనే ఇద్దరు గాయకులు పాత్రలుగానే వస్తారు. వారి చేతిలో ఉన్నది వీణవంటి తంత్రీవాద్యం, గ్రంథం కాదు.

వీరకావ్యానికి గుండెకాయ వంటి మాట 'క్లెయోస్'. దీన్ని మనం కీర్తి అని అనువదిస్తాం. కాని దీని ధాతువుకు అర్థం 'వినడం'. సంస్కృతంలోని 'శ్రవస్సు' దీనికి అక్షరాలా తోడబుట్టినది. తరగని కీర్తి అనే పదబంధం ఇలియడ్‌లోనూ ఋగ్వేదంలోనూ ఒకే ధాతువులతో కనబడుతుందని 1853లో అడాల్బెర్ట్ కూన్ అనే జర్మన్ పండితుడు గుర్తించాడు. అక్కడ 'క్లెయోస్ ఆఫ్థితోన్', ఇక్కడ 'శ్రవః అక్షితం'. కీర్తి అంటే మనకు కనబడే వైభవం అనిపిస్తుంది. క్లెయోస్ అంటే చెవిన పడేది. ఇలియడ్ రెండవ భాగంలో గ్రీకు నౌకల జాబితాను మొదలుపెట్టే ముందు కవి కళాధిదేవతలను పిలిచి, మీరు అన్నిచోట్లా ఉండి అన్నీ చూసినవారు, మేము విన్నది మాత్రమే ఎరిగినవారం అన్న భావం చెబుతాడు. అక్కడ 'విన్నది' అనే చోట వాడిన మాట క్లెయోసే. అంటే వీరుడు ప్రాణం పెట్టి సంపాదించుకునే కీర్తికీ, నలుగురూ అనుకునే వినికిడికీ ఆ భాషలో ఒకటే మాట. ఆ తరువాత వచ్చే జాబితాలో 29 దళాలు, మొత్తం 1,186 నౌకలు. మన కావ్యాల ఇష్టదేవతా ప్రార్థనకూ దీనికీ పోలిక చెప్పేవారు ఒక భేదం గమనించాలి. మన కవి సాధారణంగా దేవతను కోరేది అనుగ్రహం, నిర్విఘ్నత. హోమర్ ఇక్కడ కోరేది సమాచారం.

క్లెయోస్‌కు జంటగా, ఒక్కోసారి ఎదురుగా నిలిచే మాట 'నోస్తోస్', అంటే ఇంటికి మరలిరావడం. ఇలియడ్ తొమ్మిదవ భాగంలో అకిలీస్ తన ముందున్న రెండు దారుల గురించి తల్లి థెటిస్ చెప్పిన మాట వినిపిస్తాడు. ట్రాయ్ దగ్గరే నిలిచి పోరాడితే తిరుగుప్రయాణం లేదు గాని తరగని కీర్తి ఉంటుంది. ఇంటికి వెళితే కీర్తి పోతుంది గాని ఆయుష్షు ఉంటుంది. రెండూ కలిసి దొరకవు. ఒడిస్సీ అంతా ఆ సమస్యకు మరో సమాధానం: ఒడిస్యూస్‌కు రెండూ దక్కుతాయి. మరొకవైపు అగమెమ్నాన్ ఇంటికి చేరీ చేరగానే భార్య ప్రియుని కుట్రకు బలవుతాడు. అతని మరలిరాకను ఒడిస్సీ మొదటి భాగం నుంచే మనకు హెచ్చరికగా చూపుతూ ఉంటుంది. ట్రాయ్ నుంచి తిరిగివచ్చిన వీరుల కథలతో 'నోస్తోయ్' అనే మరో కావ్యం కూడా ఉండేది. అది మనకు మిగలలేదు. ఈ మాటకు 'బాధ' అనే గ్రీకు మాటను జోడించి 1688లో యోహాన్నెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి బాజెల్ నగరంలో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో ఒక రోగానికి పేరు పెట్టాడు. అదే నోస్టాల్జియా. ఊరికి దూరమైన సిపాయిలకు, పనివాళ్ళకు పట్టే బెంగ అది. గ్రీకు ముక్కలతో కట్టిన ఆ మాట గ్రీకులకు మాత్రం తెలియదు.

'క్సేనోస్' అన్న మాటకు పరాయివాడు, అతిథి, ఆతిథ్యమిచ్చేవాడు అని మూడు అర్థాలూ ఉన్నాయి. ఈ బంధానికి పండితులు క్సేనియా అని పేరు పెడతారు. తెలుగులో ఆతిథ్యధర్మం అంటే సరిపోతుంది. వచ్చినవాడికి ముందు భోజనం పెట్టాలి, ఆ తరువాతే ఊరూ పేరూ అడగాలి, వెళ్ళేటప్పుడు కానుక ఇవ్వాలి. దీనికి సాక్షి స్వయంగా దేవరాజు జ్యూస్. ఇలియడ్ ఆరవ భాగంలో శత్రుపక్షాల యోధులైన డయోమిడీస్, గ్లాకస్ తమ తాతల మధ్య ఆతిథ్యబంధం ఉందని తెలుసుకుని రణరంగం నడుమ ఆయుధాలు దించి కవచాలు మార్చుకుంటారు. గ్లాకస్ ఇచ్చింది నూరు ఎడ్ల విలువైన బంగారు కవచం, పుచ్చుకున్నది తొమ్మిది ఎడ్ల విలువైన కంచుది. ఒడిస్సీలో ఒంటికన్ను పాలిఫీమస్ ఈ ధర్మాన్ని ఒక్కొక్కటిగా తలకిందులు చేస్తాడు: ముందు ఊరూ పేరూ అడుగుతాడు, తరువాత అతిథులకు పెట్టకుండా అతిథులనే తింటాడు, చివరికి ఒడిస్యూస్‌కు తానిచ్చే కానుక అతణ్ణి అందరికంటె ఆఖరున తినడమే అంటాడు. ఈ మాట తెలియని పాఠకుడికి అది రాక్షసుని కథ మాత్రమే. తెలిసినవాడికి ఆనాటి వినేవాళ్ళు ఎక్కడ నవ్వారో, ఎక్కడ జుగుప్స పడ్డారో అర్థమవుతుంది.

'హూబ్రిస్' కూడా హోమర్ వాడిన మాటే. పాఠ్యపుస్తకాలు దీన్ని 'అహంకారం' అని సరిపెడతాయి. హోమర్ వాడుకలో ఇది మనసులోని గుణం కాదు, ఎదుటివాడి మీద చేసే పని: పరాభవం, దౌర్జన్యం. ఇలియడ్ ఆరంభంలో అగమెమ్నాన్ అకిలీస్‌ను నిండుసభలో అవమానించడం హూబ్రిస్. ఒడిస్సీలో పెనిలోపీ ఇంటిలో తిష్ఠవేసి ఆస్తి తినేస్తున్న వరాగతుల నడవడికి ఈ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. తరువాత ఏథెన్స్‌లో అది న్యాయస్థానంలో విచారించే నేరం అయింది. ఆ అర్థంలో చూస్తే మన మహాభారతంలో దీనికి దగ్గరి దృష్టాంతం దుర్యోధనుని గర్వం కాదు, కురుసభలో జరిగిన పని.

హోమర్ తరువాతి పొరలో మొదట కనబడే మాట 'అరిస్తేయా'. ఒక వీరుడు యుద్ధంలో తన ఉచ్చస్థితిని చేరి శత్రువులను ఊచకోత కోసే ఘట్టానికి ఈ పేరు. తెలుగు యుద్ధపర్వాలు చదివినవారికి 'విజృంభణ' అంటే చాలు. హెరొడోటస్ తన చరిత్ర రెండవ సంపుటంలో ఇలియడ్‌లోని కొన్ని పాదాలను ఉదహరిస్తూ అవి డయోమిడీస్ విజృంభణలో ఉన్నాయంటాడు. ఆ పాదాలు నేటి విభజనలో ఆరవ భాగంలో ఉన్నాయి, డయోమిడీస్ విజృంభణ అని పేరున్నది ఐదవ భాగానికి. అంటే ఆనాటికి కావ్యాన్ని అంకెలతో గాక ఘట్టాల పేర్లతో గుర్తుపెట్టుకునేవారన్నమాట. మనం సుందరకాండ ఎన్నవ కాండ అని తడుముకోకుండా దాని పేరుతోనే పిలవడం వంటిదే ఇది. వినేవాళ్ళకు ఘట్టం కావాలి. అంకె కావలసింది పుటలు తిప్పేవాడికి.

క్రీ.పూ. 4వ శతాబ్దానికి వచ్చేసరికి అరిస్టాటిల్ 'కావ్యశాస్త్రం' మనకు పట్టికలో సగం మాటలను ఇస్తుంది. పెరిపెతేయా అంటే పరిస్థితి హఠాత్తుగా తారుమారు కావడం, విపర్యయం. అనగ్నోరిసిస్ అంటే గుర్తుపట్టడం. హమార్తియా అనే మాటను 'విషాదనాయకుని లోపం' అని వివరించడం రివాజు. కాని ఆ ధాతువును హోమర్ వాడిన చోట్లు చూడండి: విసిరిన ఈటె తగలకుండా పోవడం. అరిస్టాటిల్ మాటలోనూ ఆ గురి తప్పడమే ఉంది, స్వభావంలోని కళంకం కాదు. తెలుగులో 'గురితప్పు' అంటే ఎన్నో వివరణలు మిగులుతాయి. అరిస్టాటిల్ ఈ మాటలను ప్రధానంగా సిద్ధం చేసుకున్నది నాటకం కోసం. హోమర్ యుద్ధమంతా చెప్పక ఒక్క క్రియను ఎంచుకున్నాడని మెచ్చుకున్నాడు. ఇలియడ్ సరళమైనదనీ, ఒడిస్సీ అడుగడుగునా గుర్తింపులతో నిండి సంకీర్ణమైనదనీ అన్నాడు.

ఆ మాట నిజమే. ఇరవై ఏళ్ళ తరువాత ఇంటికి వచ్చిన బిచ్చగాణ్ణి ముసలి కుక్క ఆర్గస్ గుర్తుపట్టి కన్నుమూస్తుంది. దాది యూరిక్లియా కాళ్ళు కడుగుతూ తొడ మీది మచ్చతో గుర్తుపడుతుంది. పెనిలోపీ మంచం రహస్యంతో పరీక్షిస్తుంది. 'అభిజ్ఞానం' అన్న మాటను కాళిదాసు నాటకం పేరులోనే పెట్టుకున్న మనకు ఈ పరిభాష పరాయిది కాదు. బాహుకుడు వండిన వంట రుచి చూసి నలుణ్ణి ఆనవాలు కట్టిన దమయంతి, పెనిలోపీ పక్కన కూర్చోదగినదే. అయితే అరిస్టాటిల్ గుర్తింపులను వర్గీకరించి మచ్చలు, ఉంగరాల వంటి బాహ్యచిహ్నాలతో జరిగేవాటిని తక్కువ నేర్పు గలవిగా తేల్చాడు. నాటకశాలలో కూర్చున్న తార్కికుడి తీర్పు అది. పాట వింటున్న జనానికి ఆ మచ్చ వెనుక ఉన్న అడవిపంది వేట కథ కావాలి. హోమర్ దాది చేయి కాలిమీద ఉండగానే పాట ఆపి ఆ కథంతా చెప్పి మరీ ముందుకు సాగాడు.

తరువాతి మజిలీ అలెగ్జాండ్రియా. క్రీ.పూ. 3, 2 శతాబ్దాల్లో అక్కడి గ్రంథాలయంలో జెనొడోటస్, బైజాంటియం వాడైన అరిస్టొఫనీస్, అరిస్టార్కస్ వరుసగా హోమర్ ప్రతులను పరిష్కరించారు. పాట పూర్తిగా పాఠమైనది ఇక్కడే. కవిది కాదని అనుమానించిన పాదం ముందు ఒక అడ్డగీత పెట్టేవారు. దాని పేరు 'ఒబెలోస్', అంటే మాంసం కాల్చే శలాక. మరోచోట అవే పాదాలు మళ్ళీ వస్తే నక్షత్రపు గుర్తు పెట్టేవారు. ఈనాడు మన కీబోర్డు మీద ఉన్న చుక్కగుర్తుకు వంశమూలం అదే. ఈ గుర్తుల వెనుక ఉన్న ఆలోచన గమనించదగ్గది: ఒకే పాదం రెండుచోట్ల ఉంటే, ఏదో ఒకచోట అది అసలుది కాదేమో! పునరుక్తిని అనుమానించడం చదివేవాడి అలవాటు. కొంతకాలానికి రోమన్ కవి హోరస్, హోమరంతటివాడు కూడా అక్కడక్కడ కునికిపాట్లు పడ్డాడని నొచ్చుకున్నాడు.

'ఇన్ మీడియాస్ రేస్' అనే లాటిన్ పదబంధం ఆ హోరస్‌దే. క్రీ.పూ. 1వ శతాబ్దం చివరిలో రాసిన కావ్యకళ గురించిన పద్యలేఖలో, హోమర్ ట్రాయ్ యుద్ధాన్ని హెలెన్ పుట్టిన గుడ్డు దగ్గర నుంచి ఎత్తుకోలేదనీ, శ్రోతను నేరుగా కథ నడిమధ్యకు లాక్కుపోయాడనీ మెచ్చుకున్నాడు. ఇలియడ్ యుద్ధపు పదవ ఏట మొదలై హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. అకిలీస్ మరణం అందులో లేదు, కొయ్యగుర్రం లేదు. ఇది గొప్ప ఎత్తుగడేనని ఒప్పుకుందాం. కాని విన్నవారికి కథంతా ముందే తెలుసు. రాత్రి భాగవతులు 'ఈ రోజు ఉషాపరిణయం' అంటే కృష్ణుడెవరో చెప్పవలసిన పని లేదు. తెలిసిన కథలోంచి ఈ పూటకు ఒక ఘట్టం ఎత్తుకోవడం పాడేవాడి నిత్యకృత్యం. దానిని 'శిల్పం' అని పేరు పెట్టి కవులకు నియమంగా ఇచ్చినది హోరస్. ఆ నియమం ప్రకారం వర్జిల్, మిల్టన్ నడిచారు.

ఇక్కడ నుంచి ఒక్క ఉరుకులో 18వ శతాబ్దానికి రావాలి. వెనిస్ గ్రంథాలయంలో ఉన్న 10వ శతాబ్దపు ఇలియడ్ చేతిప్రతిని, అలెగ్జాండ్రియా పండితుల వ్యాఖ్యల శకలాలతో సహా 1788లో విల్వాజోఁ అనే ఫ్రెంచి పండితుడు అచ్చువేశాడు. దాని ఆధారంగా 1795లో జర్మనీలో ఫ్రీడ్రిఖ్ ఆగస్ట్ వోల్ఫ్, ఇంత పొడుగు కావ్యం రాత లేని కాలంలో ఒక్కరు కూర్చడం సాధ్యమా అని ప్రశ్నించాడు. శతాబ్దం పైగా పండితులు రెండు జట్లుగా చీలి వాదించుకున్నారు. మలుపు తిప్పినది మిల్మన్ పారీ (1902–1935) అనే అమెరికన్ యువకుడు, 1928లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంతో.

పారీ పట్టుకున్న సమస్య విశేషణాలది. అకిలీస్ కూర్చుని ఉన్నా 'వడిగల పాదాలవాడే'. ఓడలు ఒడ్డున పడి ఉన్నా 'వేగవంతమైనవే'. చదివేవారికి ఇది అనాలోచితంగా కనబడుతుంది. పారీ చెప్పిన సమాధానం ఇంగ్లీషు పాఠకులకు విడమరచి చెప్పవలసి వచ్చింది గాని, పద్యం గణవిభజన చేయడం బడిలో నేర్చిన తెలుగువారికి సులభంగా అర్థమవుతుంది. హోమర్ ఛందస్సులో పాదానికి ఆరు గణాలు. మొదటి ఐదూ మన భగణం, లేదా దానికి బదులు రెండు గురువులు, చివరిది రెండక్షరాలు. గురులఘు నిర్ణయం కూడా మనకు దగ్గరే. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువవుతుంది. ఇప్పుడు ఒడిస్యూస్ పేరు పాదం చివర రావాలనుకోండి. ఐదక్షరాల చోటుంటే 'దీయోస్ ఒదుస్సెఉస్' అంటే 'దివ్యుడైన ఒడిస్యూస్': ఒక భగణం, రెండు గురువులు. ఏడక్షరాల చోటుంటే 'బహుయుక్తిశాలి ఒడిస్యూస్'. ఎనిమిదక్షరాలుంటే 'ఎన్నో సహించిన దివ్యుడు ఒడిస్యూస్'. ఒక్కో వీరుడికి ఒక్కో చోటుకు సాధారణంగా ఒక్కటే విశేషణం. రెండు దాదాపు ఉండవు. ఇంత పొదుపైన ఏర్పాటు ఒక్క కవి బల్ల ముందు కూర్చుని చేసింది కాదు. తరాల గాయకులు అప్పటికప్పుడు పాడుతూ పాడుతూ సానపట్టినది.

తన మాటను రుజువు చేయడానికి పారీ 1933లోనూ, మళ్ళీ 1934–35లోనూ యుగోస్లావియా పల్లెలకు వెళ్ళి, అక్షరం రాని గాయకుల పాటలను అల్యూమినియం పలకల మీద రికార్డు చేశాడు. వారిలో అవ్దో మెదెదోవిచ్ అనే రైతు 1935లో 12,311 పాదాల పాట చెప్పాడు. దాదాపు ఒడిస్సీ అంత. అదే ఏడు డిసెంబరులో పారీ తుపాకి ప్రమాదంలో మరణించాడు. అతని శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ ఆ పనిని కొనసాగించి 1960లో పుస్తకంగా వెలువరించాడు. 'ఫార్ములా' అనే మాట అప్పటినుంచే ఈ పట్టికలో స్థిరపడింది. పారీ తరువాత ఆ విశేషణాలకు అర్థమే లేదు, అవి మూసపోతలు మాత్రమే అన్నవారూ వచ్చారు. నాకు అది మరో అతిగా తోస్తుంది. వేగమైన పాదాలవాడు గుడారంలో కదలకుండా కూర్చున్నప్పుడు ఆ మాట చెవిన పడితే, ఆ కూర్చోవడం ఎంత అసహజమో విన్నవాడికి తెలియకపోదు.

ఇక అందరికంటె పిన్న వయస్కురాలు, నేడు అందరికంటె ఎక్కువ ప్రచారంలో ఉన్నది – 'వీరుని యాత్ర'. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో వెలువరించిన 'వేయి ముఖాల వీరుడు' అనే పుస్తకం. నిష్క్రమణ, పరీక్ష, పునరాగమనం అనే మూడంచెల చట్రం అది. దీనికి ముందు 1909లో ఆర్నల్డ్ వాన్ జెనెప్ సంస్కారకర్మలలో చెప్పిన వేరుపడటం, నడిమి దశ, తిరిగి చేరడం అనే విభజన ఉంది. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రం తరువాత ఈ చట్రం సినిమా కథల పాఠాలలోకి ఎక్కింది. చాలామంది దీనికి మొదటి ఉదాహరణగా ఒడిస్యూస్‌నే చూపుతారు.

ఒడిస్సీని ఒకసారి లెక్కవేసి చూద్దాం. మొదటి నాలుగు భాగాలలో ఒడిస్యూస్ కనబడడు. అవి కొడుకు టెలిమాకస్ కథ. ఐదవ భాగంలో అతను కాలిప్సో దీవిలో ఏడేళ్ళుగా చిక్కుకుని కన్నీరు కారుస్తూ కనబడతాడు. లోకప్రసిద్ధమైన సాహసాలు – ఒంటికన్నువాడు, సిర్సీ, మృతుల లోకం, సైరెన్లు – అన్నీ 9 నుంచి 12 వరకు నాలుగు భాగాలలో, అదీ ఒక విందులో అతని నోటనే. పదమూడవ భాగంలో ఇతాకా చేరుతాడు. అంటే సరిగ్గా సగం కావ్యం ఇల్లు చేరిన తరువాతిది. అతనికి సాహసానికి పిలుపు ఏదీ రాలేదు. అమరత్వం ఇస్తానన్న దేవతను కాదని ముసలివాడయ్యే భార్య దగ్గరకు బయలుదేరాడు. యాత్ర అన్న మాట ముందుకు చూస్తుంది, నోస్తోస్ అన్న మాట వెనక్కి చూస్తుంది. చట్రం పట్టుకుని చదివేవాడికి కావ్యం సగంలోనే అయిపోయినట్టుంటుంది; ఇంటివాడు తన ఇంట్లో తానెవరో మళ్ళీ ఎలా అయ్యాడన్న రెండో సగం అతనికి అనుబంధంలా తోస్తుంది. ఎనిమిదవ భాగంలో ట్రాయ్ పతనం పాట విని ఒడిస్యూస్ ఏడ్చిన చోట, హోమర్ అతణ్ణి నగరం కూలుతుండగా భర్త శవం మీద పడి రోదించే, శత్రువులు బానిసగా ఈడ్చుకుపోయే స్త్రీతో పోలుస్తాడు. గెలిచినవాడికి ఓడినవారి దుఃఖంతో ఉపమానం! ఏ చట్రంలోని ఏ మెట్టుకూ అది చెందదు.

మృతుల లోకం సంగతీ అంతే. దానిని 'కతాబసిస్', అంటే పాతాళావరోహణ అని పట్టికలు చెబుతాయి. గ్రీకులు ఆ పదకొండవ భాగానికి పెట్టిన పేరు 'నెకుయా', ప్రేతావాహన. ఒడిస్యూస్ దిగిపోడు, లోకపు అంచున గొయ్యి తవ్వి గొర్రెల నెత్తురు పోస్తే మృతులే పైకి వస్తారు. దిగినవాడు విజేతలా తిరిగివస్తాడు. పిలిచినవాడు వచ్చినవారి మాట వినాలి. అక్కడ వినబడిన మాటలలో పెద్దది అకిలీస్‌ది: మృతులందరికీ రాజుగా ఉండటంకంటె భూమి మీద పేదవాడి దగ్గర కూలివాడుగా బతకడం మేలని. తరగని కీర్తిని కోరుకున్నవాడే అన్న మాట అది.

ఇక మన వైపు. ఎపిక్ అనే మాటకు తెలుగులో మహాకావ్యం, ఇతిహాసం అని రెండూ వాడుతున్నాం. మహాకావ్యానికి దండి వంటి ఆలంకారికులు చెప్పిన లక్షణాలు – సర్గబంధం, నగర సముద్ర పర్వత ఋతు చంద్రోదయాది వర్ణనలు – లిఖిత కావ్యానికి, సభలో రసజ్ఞుల ముందు పెట్టే కావ్యానికి చెందినవి. ఆ కొలతతో ఇలియడ్‌ను కొలిస్తే తక్కువపడుతుంది. కొలిచేవాడు పునరుక్తి దోషమని కూడా రాస్తాడు. ఇదే కొలత మన ఇంటిలోనూ నష్టం చేసింది. పల్నాటి వీరుల కథ శ్రీనాథుని పేర ఉన్న ద్విపదగా సాహిత్యచరిత్రలోకి వచ్చింది. పల్నాటిలో వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతున్న పాటకు అటువంటి గౌరవం ఆలస్యంగా దక్కింది. ఆ పాటను రికార్డు చేసి, అనువదించి, వీరకావ్యంగా పరిశీలించిన జీన్ రోఘైర్ పుస్తకం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. కారెంపూడిలో వీరుల గుడి ఉంది, ఏటా ఉత్సవం ఉంది. గ్రీకులో 'హీరోస్' అన్న మాటకు కూడా యోధుడన్న అర్థంతోపాటు, సమాధి దగ్గర పూజలందుకునే మృతవీరుడన్న అర్థం ఉండేది. సినిమా పోస్టరు మీది 'హీరో'కంటె కారెంపూడి వీరుడే ఆ మాటకు దగ్గరివాడు.

కనుక నా సూచన ఇది. క్లెయోస్‌ను వీలైనచోట శ్రవస్సు అందాం. అరిస్తేయాను విజృంభణ, అనగ్నోరిసిస్‌ను అభిజ్ఞానం, హమార్తియాను గురితప్పు, నెకుయాను ప్రేతావాహన, నోస్తోస్‌ను మరలిరాక అందాం. ఫార్ములాను మూస అనకుండా 'పాటపదం' వంటి మాట ఏదైనా వెతుకుదాం. అంతకంటె ముఖ్యంగా, ఏ మాట వాడినా దాని పక్కన దాని కాలాన్ని గుర్తుంచుకుందాం.

ఆ మృతుల సభలోనే జోస్యుడు టైరీసియస్ ఒడిస్యూస్‌కు ఒక పని అప్పగిస్తాడు. ఇల్లు చేరి శత్రువులను జయించిన తరువాత ఒక తెడ్డు భుజాన వేసుకుని సముద్రానికి దూరంగా నడుస్తూ పోవాలి. సముద్రమెరుగని, ఉప్పు కలిపిన తిండి తినని మనుషులున్న చోట, దారినపోయేవాడొకడు ఆ తెడ్డును చూసి, నీ భుజం మీద ఉన్నది ధాన్యం తూర్పారబట్టే సాధనమా అని అడుగుతాడు. అక్కడే దానిని నేలలో పాతి సముద్రదేవుడికి బలి ఇచ్చి వెనక్కి రావాలి. తెడ్డు మారలేదు, చూసేవాడి కళ్ళు మారాయి. ఒడిస్యూస్ వాడితో వాదించనక్కరలేదు. తాను ఎంత దూరం వచ్చాడో వాడు పెట్టిన పేరును బట్టే తెలుసుకోవాలి. హోమర్ మాటలను భుజాన వేసుకుని ఇంత దూరం నడిచి వచ్చిన మనకూ అదే పని మిగిలింది. ఈ పదాలకు మీ ఊళ్ళో, మీరు విన్న కథల్లో ఇంతకంటె సరైన పేర్లు ఉంటే చెప్పండి. వాటితో ఈ పట్టికను మళ్ళీ రాసుకుందాం.